పాతబస్తీ గురించి అందరూ అడిగేవి: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది హైదరాబాద్ పాతబస్తీలో గౌలిపురా. ఊరి నుంచి చుట్టాలొచ్చినా, అమెరికా నుంచి చిన్నప్పటి స్నేహితులు దిగినా చార్మినార్ చూపించే డ్యూటీ నాకే పడుతుంది. మనుషులు మారతారు గానీ ప్రశ్నలు మాత్రం అవే. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను, ఈసారి ఎవరైనా అడిగితే లింకు పంపేసి నేను చాయ్ తాగుతా.

పాతబస్తీ అంటే సరిగ్గా ఎక్కడి నుంచి ఎక్కడిదాకా?

మూసీకి దక్షిణపు ఒడ్డు. ఒకప్పుడు చుట్టూ ఉన్న కోటగోడ లోపలిది అసలు పాతబస్తీ. ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట, బార్కస్ గోడకు బయటివే అయినా ఇప్పుడు అందరం వాటినీ కలిపేసే మాట్లాడతాం. కోఠి, సుల్తాన్ బజార్, మొజంజాహీ మార్కెట్, ఉస్మానియా ఆసుపత్రి మాత్రం నదికి అవతలి ఒడ్డున ఉన్నాయి. మొజంజాహీ మార్కెట్ దగ్గర ఐస్‌క్రీం తిని "పాతబస్తీ చూసొచ్చాం" అని స్టేటస్ పెట్టేవాళ్లు కొంచెం ఆలోచించాలి, పాతగా కనిపించిందల్లా పాతబస్తీ కాదు.

పేరు కూడా ఒకసారి చూడండి. ఉర్దూలో మాట్లాడేవాళ్లు పురానా షహర్ అంటారు. మనం పాతబస్తీ అంటాం, అందులో పాత తెలుగుది, బస్తీ ఉర్దూది. ఈ ఊరి సంగతి చాలావరకు ఆ ఒక్క మాటలోనే ఉందని నాకనిపిస్తుంది.

గోల్కొండ అంత పెద్ద కోట ఉండగా కొత్త ఊరు ఎందుకు కట్టుకున్నారు?

ఇరుకైపోయింది కాబట్టి. కోట లోపల జనం పెరిగారు, నీళ్లు చాల్లేదు, రోగాలు మొదలయ్యాయి. కుతుబ్‌షాహీల్లో ఐదోవాడు మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1580లో గద్దెనెక్కి, 1591లో మూసీకి ఇవతల కొత్త రాజధానికి పునాది వేయించాడు. ప్లాన్ గీసిన పెద్దమనిషి మీర్ మోమిన్ అస్తరాబాదీ, ఇరాన్ నుంచి వచ్చినవాడు, సుల్తాన్‌కు పీష్వా. అంటే ప్రధానమంత్రి అనుకోండి. ఆయన సమాధి ఇక్కడే, దాయిరా మీర్ మోమిన్ అనే శ్మశానవాటికలో ఉంది. చార్మినార్ ముందు రోజూ సెల్ఫీలు దిగే వేలమందిలో అక్కడిదాకా వెళ్లేవాళ్లు బహుశా పదిమంది కూడా ఉండరు.

చాలామందికి తట్టని విషయం ఇంకొకటి. ఊరికంటే ముందు వంతెన వచ్చింది. పురానాపూల్‌ను మహమ్మద్ కులీ తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షా 1578లోనే కట్టించాడు, 22 కమానులతో. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు సరుకు వెళ్లే దారి ఈ వైపునుంచే. కాబట్టి ఏదో అడవి మధ్యలో ఒక రాజుగారికి కల వచ్చి ఊరు కట్టాడని కాదు, బళ్లు తిరిగే దారి పక్కన, నది దాటే వీలున్నచోట, లెక్క చూసుకునే కట్టారు. చార్మినార్‌ను నడిమధ్యన పెట్టి నాలుగు దిక్కులకూ నాలుగు రోడ్లు తీశారు, ఆ నాలుగు రోడ్లూ ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. కాకపోతే వాటి మీద తోపుడుబళ్లు ఎక్కువయ్యాయి.

"నదిని చేపలతో నింపినట్టు నా ఊరిని మనుషులతో నింపు" అని మహమ్మద్ కులీ దేవుణ్ని వేడుకున్నాడని చెప్పుకుంటారు. రంజాన్ చివరి వారంలో సాయంత్రం పూట మదీనా సర్కిల్ నుంచి చార్మినార్ దాకా నడిచి చూడండి, ఆ మొర అవసరానికి మించే వినబడిందని అర్థమవుతుంది.

భాగమతి నిజంగా ఉందా? ఆమె పేరు మీదే భాగ్యనగరం అంటారు కదా?

ఈ ప్రశ్న రాని రోజు లేదు. సూటిగా చెప్తా: కథ పాతదే, సాక్ష్యం మాత్రం తేలలేదు.

ఊరు కడుతున్న కాలంలోనే బీజాపూర్‌లో కూర్చుని చరిత్ర రాసిన ఫరిష్తా, సుల్తాన్ ఒక నర్తకిని ప్రేమించి ఆమె పేరిట భాగ్‌నగర్ కట్టాడని రాశాడు. తర్వాత 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే కూడా ఊరి పేరు భాగ్‌నగర్ అనే రాశాడు, కానీ కారణం ఇంకోటి చెప్పాడు, రాజుగారి భార్యల్లో ఒకామె పేరు నగర్ అట. అంటే ఆ పేరు వాడుకలో ఉన్నమాట నిజం. అయితే భాగమతి పేరుతో శాసనం లేదు, సమాధి లేదు. కుతుబ్‌షాహీ చరిత్ర మీద జీవితమంతా పనిచేసిన హెచ్.కె. షేర్వానీ ఈ కథను కొట్టిపారేశారు, నరేంద్ర లూథర్ మాత్రం ఆమె ఉందనే గట్టిగా వాదించారు. భాగ్ అంటే బాగ్ కావచ్చు, అంటే తోటల ఊరు అని ఇంకొందరి మాట.

ఒక్క ముక్క మాత్రం నేను ఒప్పుకోను. మూసీ వరదలో గుర్రమెక్కి ప్రియురాలి కోసం ఈదుకుంటూ వెళ్లిన కొడుకును చూసి భయపడి తండ్రి పురానాపూల్ కట్టించాడనే కథ. వంతెన పూర్తయిన 1578లో ఆ కొడుక్కి పన్నెండు పదమూడేళ్లు. వంతెన కట్టడానికి పట్టిన కాలాన్ని కూడా వెనక్కి లెక్కేసుకుంటే ప్రేమ మొదలైన వయసు ఎంతవుతుందో మీరే చూసుకోండి. సినిమాకైతే బాగుంటుంది.

చార్మినార్ ప్లేగు పోయినందుకే కట్టారా?

అలా చెప్పేవాళ్లు ఉన్నారు. హిజ్రీ లెక్కలో అప్పటికి వెయ్యో ఏడు నడుస్తోంది, దానికి గుర్తుగా కట్టారనేది రెండో మాట. నాకైతే మూడోదే నచ్చుతుంది, కొత్త ఊరికి నడిబొడ్డు ఇదీ అని చూపించడానికి కట్టారు, మిగతా కారణాలు ఏమున్నా సరే. ఏ కారణం నిజమైనా కట్టడం మాత్రం తెలివైనది. ఒక్కో వైపు 20 మీటర్లు, నల్లరాయి, సున్నం, పైన గచ్చుతో చేసిన పూలూ లతలూ, పై అంతస్తులో మసీదు. మినారు లోపల 149 మెట్లున్నాయి గానీ మనల్ని మొదటి అంతస్తు వరకే వెళ్లనిస్తారు, అదీ మెట్లు బాగా ఇరుకు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను బలవంతం చేయకండి. నాలుగు వైపులా కనిపించే గడియారాలు కుతుబ్‌షాహీలవి కావు, 1889లో నిజాం కాలంలో పెట్టినవి. 2019 మే నెలలో ఒక మినారు మీది గచ్చు పెచ్చు ఊడి కింద పడింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు. బళ్ల అదురు వల్లేనని కొందరు, వాన నీళ్ల వల్లని కొందరు అన్నారు.

గోల్కొండకు సొరంగం ఉందా అంటారా? ప్రతి కోటకూ ఒక సొరంగం కథ ఉంటుంది కదా, ఇదీ అంతే. ఇప్పటిదాకా దొరకలేదు.

చార్మినార్ సరే, ఈ చార్ కమాన్ ఏంటి?

చార్మినార్ నుంచి ఉత్తరానికి, అంటే మదీనా వైపు నాలుగడుగులు వేయగానే రోడ్డు మీద పెద్ద కమాను వస్తుంది. అలాంటివి నాలుగు దిక్కులా నాలుగున్నాయి, మధ్యలో గుల్జార్ హౌజ్ అనే నీటి తొట్టి. చార్మినార్ తర్వాత కొద్ది ఏళ్లకే కట్టినవి. పడమటి కమాను అప్పట్లో రాజమహళ్లకు దారి, దాని పేరు సెహర్-ఎ-బాతిల్ కమాన్, మంత్రతంత్రాలను విరగ్గొట్టేదని అర్థం. ఉత్తరాన మఛ్లీ కమాన్, తూర్పున కాలీ కమాన్. అవతలి రాజమహళ్లలో ఇప్పుడు ఒక్క గోడ కూడా కనబడదు, ఔరంగజేబు సైన్యం కొంత, కాలం కొంత మింగేశాయి. దారి చూపించే గుమ్మం మిగిలింది, ఇల్లు పోయింది.

గుల్జార్ హౌజ్ చుట్టుపక్కలంతా ఇప్పుడు బంగారం, ముత్యాల దుకాణాలు. కింద కొట్లు, పైన ఇళ్లు, మధ్యలో ఒక్క మనిషి పట్టే మెట్లదారి. 2025 మే 18న అలాంటి ఒక ఇంట్లోనే నిప్పంటుకుని 17 మంది పోయారు, అందులో చిన్నపిల్లలూ ఉన్నారు. వారసత్వం, కళాఖండం అని మనం ముచ్చటగా చెప్పుకునే కట్టడాల్లో కుటుంబాలు కాపురం ఉంటున్నాయి, పాత గోడల మీద కొత్త ఏసీల వైర్లు వేలాడుతున్నాయి. ఆ సందుల్లో ఫొటోలు తీసేటప్పుడు నాకు ఇప్పుడు పైకి చూడాలంటే ఒక రకంగా ఉంటుంది.

మక్కా మసీదు పూర్తవడానికి అన్నేళ్లు ఎందుకు పట్టింది?

మొదలుపెట్టింది ఆరో సుల్తాన్ మహమ్మద్ కుతుబ్‌షా, పూర్తి చేసింది ఆ వంశాన్నే కూల్చిన ఔరంగజేబు. మధ్యలో దగ్గర దగ్గర 80 ఏళ్లు. పెద్ద పెద్ద రాళ్లను ముక్కలు చేయకుండా అలాగే తెచ్చి నిలబెట్టాలన్న పట్టుదల ఒక కారణం. పని నడుస్తుండగా చూసిన తావెర్నియే, ఒక రాయిని గనిలోంచి తీయడానికే ఐదేళ్లు పట్టిందని, దాన్ని లాగడానికి 1,400 ఎడ్లు కట్టారని రాసుకున్నాడు. కొంచెం పెంచి చెప్పాడనుకున్నా, లోపలి స్తంభాల పక్కన నిలబడితే నమ్మబుద్ధేస్తుంది. మక్కా నుంచి తెచ్చిన మట్టితో చేసిన ఇటుకలు వాడారు కాబట్టి ఆ పేరు అంటారు.

ఆవరణలో ఒక పక్కన వరసగా ఉన్న సమాధులు నిజాంలవి, రెండో నిజాం నుంచి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వరకు. ఏడో నిజాం ఇక్కడ లేడు, ఆయన కింగ్ కోఠి ఎదురుగా ఉన్న జూదీ మసీదులో, తల్లి పక్కన ఉన్నాడు.

నిజాంలు ఈ కథలోకి ఎప్పుడొచ్చారు?

1687లో గోల్కొండ మొగలుల చేతికి పోయింది. 1724లో ఆసఫ్‌జాహీలు, అంటే నిజాంలు, స్వతంత్రంగా నిలబడ్డారు గానీ మొదట్లో రాజధాని ఔరంగాబాద్. రెండో నిజాం కాలంలో, 1763లో, రాజధాని మళ్లీ ఇక్కడికొచ్చింది. చౌమహల్లా, పురానీ హవేలీ, ఫలక్‌నుమా ప్యాలెస్‌లన్నీ నిజాంల కథే. అందుకే చార్మినార్ నిజాం కట్టించాడు అనేవాళ్లను మాత్రం దయచేసి సరిదిద్దండి, చార్మినార్‌కూ నిజాంలకూ మధ్య వందేళ్ల పైన తేడా.

గోడ ఉండేదన్నారు, ఏమైంది?

మొగలు సుబేదార్ ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టించాడు, మొదటి నిజాం పూర్తి చేయించాడు. చుట్టూ దర్వాజాలు, వాటి మధ్య చిన్న చిన్న కిటికీ గుమ్మాలు. 1908 వరద కొంత పట్టుకుపోయింది, రోడ్లు వెడల్పు చేస్తూ మిగతాది పడగొట్టారు. ఇప్పుడు చెప్పుకోదగ్గట్టు నిలబడ్డవి దబీర్‌పురా దర్వాజా, పురానాపూల్ దర్వాజా, అంతే.

కానీ గోడ పోయినా పేర్లు పోలేదు. బస్సెక్కి లాల్‌దర్వాజా, ఫతే దర్వాజా, అలియాబాద్, యాకుత్‌పురా, దబీర్‌పురా అని కండక్టర్ అరుస్తుంటే ఊరి పాత సరిహద్దు చెవికే వినబడుతుంది. అక్కడ దర్వాజా లేదు, దర్వాజా ఉండేదన్న జ్ఞాపకానికి టికెట్ కొడుతున్నాం. మీకు తీరిక ఉంటే ఒక పాత పటం పెట్టుకుని ఈ పేర్లన్నీ కలుపుతూ గీత గీయండి, గోడ మళ్లీ లేచి నిలబడుతుంది. గౌలిపురా కూడా ఒక దర్వాజా పేరే, గౌలీలంటే పాడిపశువులు పెట్టుకుని పాలమ్మేవాళ్లు. పత్తర్‌గట్టి అంటే రాతికట్టడం. దూద్‌బౌలి, హరిబౌలి అనేవాటిలో బౌలి అంటే బావి. చాంద్రాయణగుట్టలో గుట్ట మనదే, ఆ గుట్ట మీద ఇప్పటికీ కేశవస్వామి గుడి ఉంది.

పాతబస్తీలో తెలుగువాళ్లు ఉంటారా?

(ఇది మా ఇంట్లో కూర్చుని, మా అమ్మ పెట్టిన పులిహోర తింటూ ఒకాయన అడిగిన ప్రశ్న.)

ఉంటాం. లాల్‌దర్వాజా, గౌలిపురా, ఉప్పుగూడ, ఛత్రినాక, హరిబౌలి వైపు వచ్చి చూడండి. ఇప్పుడే కాదు, మొదటి నుంచీ ఉన్నాం. పురానాపూల్ కట్టించిన ఇబ్రహీం కుతుబ్‌షా రాజు కాకముందు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల దగ్గర తలదాచుకున్నాడు, అక్కడే తెలుగు రుచి మరిగాడు. మన కవులు ఆయన్ని ముద్దుగా మల్కిభరాముడు చేసేశారు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు. సంస్కృతం తగలకుండా అచ్చతెలుగులో పొన్నగంటి తెలగనార్యుడు రాసిన యయాతి చరిత్రకు కృతిభర్త ఎవరనుకున్నారు, గోల్కొండ కొలువులోని అమీన్‌ఖాన్. అచ్చతెలుగు మొదటి కావ్యం ఒక ఖాన్‌గారికి అంకితమైంది. స్కూల్లో నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, చెప్పుంటే తెలుగు క్లాసులో ఇంకొంచెం మేలుకుని ఉండేవాణ్ని. సుల్తానుల ఫర్మానాలు కూడా పారశీకంతో పాటు తెలుగులోనూ రాసినవి ఉన్నాయి.

ఆఖరి సుల్తాన్ తానీషా దగ్గర పెత్తనమంతా అక్కన్న మాదన్నలది. భద్రాచలం రామదాసు, అదే కంచెర్ల గోపన్న, వాళ్ల మేనల్లుడని చెబుతారు. గోల్కొండ పడిపోవడానికి కొంత ముందు అన్నదమ్ములిద్దర్నీ వీధిలో చంపేశారు. శాలిబండ దగ్గర హరిబౌలిలో అక్కన్న మాదన్న పేరుతో మహంకాళి గుడి ఉంది, బోనాలప్పుడు అమ్మవారి ఘటం ఏనుగు మీద ఊరేగేది ఆ గుడి నుంచే.

బోనాలు, మొహర్రం రెండూ ఒకే వీధుల్లో ఎలా జరుగుతాయి?

జరుగుతాయి, పోలీసులకు టెన్షన్, మాకు అలవాటు. ఆషాఢంలో ముందు గోల్కొండ, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, చివరికి మా లాల్‌దర్వాజా సింహవాహిని. మర్నాడు రంగం, భవిష్యవాణి చెబుతారు, ఊరంతా చెవులు రిక్కించి వింటుంది. మొహర్రం పదో రోజున దబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి బీబీ కా ఆలం అనే పీరు ఏనుగు మీద బయల్దేరి చాదర్‌ఘాట్ దాకా వెళ్తుంది. రెండు ఊరేగింపుల్లోనూ ఏనుగే కావాలి, ఏనుగు దొరకడమే ఇప్పుడు పెద్ద సమస్య, ప్రతి ఏడాదీ పక్క రాష్ట్రాల నుంచి తెప్పించడానికి అనుమతుల కోసం రెండు వైపుల పెద్దలూ ఆఫీసుల చుట్టూ తిరుగుతారు.

గొడవలు జరగలేదని చెప్పను. కర్ఫ్యూల్లో పెరిగినవాణ్ని, పాల ప్యాకెట్ కోసం రెండు గంటల సడలింపులో పరిగెత్తినవాణ్ని. 2007లో మక్కా మసీదులో బాంబు పేలినప్పుడు శుక్రవారం మధ్యాహ్నం. అవన్నీ నిజమే, మిగతా 300 రోజులు ఒకరి కొట్లో ఒకరు ఉద్దర పెట్టడం కూడా నిజమే.

మొహర్రం కాకపోయినా పత్తర్‌గట్టి దగ్గరున్న బాద్‌షాహీ ఆషూర్‌ఖానాకు, అంటే మొహర్రంలో పీర్లను నిలిపే చోటికి, వెళ్లండి. మహమ్మద్ కులీ కట్టించినదే, గోడల మీద పసుపు, నీలం, ఆకుపచ్చ పెంకుల పని నాలుగు వందల ఏళ్లనాటిది. చెప్పులు విప్పి, నెమ్మదిగా, తలమీద ఏదైనా కప్పుకుని. జనం ఉండరు.

1908 వరద అంత పెద్దదా?

ఈ ఊరి కథను రెండు ముక్కలు చేసింది అదే. సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. 15,000 మంది దాకా పోయారని లెక్క చెబుతారు. వంతెనల్లో పురానాపూల్ ఒక్కటే నిలబడింది, మిగతావి కొట్టుకుపోయాయి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఒక చింతచెట్టు ఉంది, ఆ రోజు దాని కొమ్మలెక్కి 150 మందికి పైగా బతికారు. ఆరో నిజాం మూసీకి పళ్లెంలో పసుపు కుంకుమ, ముత్యాలు, పట్టుచీర సమర్పించి శాంతించమని వేడుకున్నాడని, దాంతోనే లాల్‌దర్వాజా బోనాలకు రాజలాంఛనాలు వచ్చాయని మావాళ్లు చెబుతారు. మా నాయనమ్మ అయితే తాను దగ్గరుండి చూసినట్టే చెప్పేది, ఆవిడ పుట్టింది ఆ తర్వాత ఇరవై ఏళ్లకు.

పూజతో పాటు పని కూడా జరిగింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన చెప్పిన ప్రకారమే ఊరికి పైన నదిని ఆపే రెండు చెరువులు వచ్చాయి, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. అంతకుముందు పాతబస్తీ తాగింది మీర్ ఆలం చెరువు నీళ్లు, దాని కట్ట కూడా 21 అర్ధచంద్రాకారపు కమానులతో ఉంటుంది, జూపార్కు వెళ్లినప్పుడు చూడండి. 1912లో పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు మురికి సందులు తీసేసి పత్తర్‌గట్టిని రాతి కమానులతో కట్టింది. నది ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ లేచాయి. అంటే మీరు అందంగా ఉందని ఫొటో తీసే పాతబస్తీలో సగం ఆ వరద తర్వాత పుట్టింది. హైకోర్టు ఇప్పుడు రాజేంద్రనగర్ వైపు వెళ్లిపోతోంది, ఆ ఎర్ర గుమ్మటాల కింద ఏం పెడతారో చూడాలి. 2025 సెప్టెంబర్‌లో ఎంజీబీఎస్ బస్టాండులోకి మూసీ నీళ్లొచ్చినప్పుడు మా వీధిలో ముసలివాళ్లందరికీ అదే మాట గుర్తొచ్చింది.

లాడ్ బజార్ గాజులు చేతితోనే చేస్తారా? బేరం ఆడొచ్చా?

చేతితోనే. లక్కను నిప్పుల మీద మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా తిప్పి అతికిస్తారు, అది మెత్తగా ఉండగానే రాళ్లు ఒక్కొక్కటే గుచ్చుతారు. కొట్లో కూర్చుని అమ్మేవాళ్లు వేరు, వెనక సందుల్లో చిన్న గదుల్లో వేడి దగ్గర కూర్చుని చేసేవాళ్లు వేరు, వేళ్ల చివర్లు కాలి గట్టిపడి ఉంటాయి. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. బేరం ఆడండి, ఆడకపోతే దుకాణదారే నొచ్చుకుంటాడు. చెప్పిన ధరలో సగం దగ్గర మొదలుపెట్టొచ్చు. అయితే రాళ్లు గుచ్చిన లక్క గాజుల జత మరీ చవగ్గా రావాలని పట్టుబట్టకండి, అంత చవగ్గా కావాలంటే పక్కనే అదే మెరుపుతో మెషీన్ మీద చేసినవి ఉంటాయి, అవి తీసుకోండి.

ముత్యాల సంగతీ ఇక్కడే చెప్పేస్తా. మూసీలో ముత్యాలు దొరకవు, సముద్రం మనకు వందల కిలోమీటర్ల దూరం. ఒకప్పుడు బస్రా వైపు నుంచి, ఇప్పుడు ఎక్కువగా చైనా నుంచి వస్తాయి. ఇక్కడివాళ్ల గొప్పతనం వాటిని ఏరడంలో, రంధ్రం వేయడంలో, దండ కట్టడంలో. పంటికి రాస్తే అసలుది కాస్త గరుకుగా తగులుతుంది, ప్లాస్టిక్‌ది జారుతుంది.

ఇంకోటి, వరక్. మిఠాయి మీద అంటించే వెండి రేకు. తోలు పుస్తకంలో వెండి ముక్కలు పెట్టి గంటల తరబడి సుత్తితో కొడతారు. నా చిన్నప్పుడు చార్మినార్ వెనక సందుల్లో ఆ టక్ టక్ చప్పుడు ఆగేది కాదు, ఇప్పుడు వెతుక్కుంటూ పోవాలి.

సాలార్‌జంగ్ మ్యూజియం నిజంగా ఒక్కరి సేకరణేనా?

ఎక్కువ భాగం నిజాం దగ్గర ప్రధానమంత్రిగా చేసిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్‌ది, కానీ తాత నుంచీ ఉన్న పిచ్చి అది. అందరూ చూసే ముసుగు రెబెకా పాలరాతి బొమ్మను 1876లో రోమ్‌లో కొన్నది మొదటి సాలార్‌జంగ్. చెక్కింది బెంజోనీ. మూడో ఆయన 1949లో పెళ్లి కాకుండానే చనిపోయాడు, 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీ అనే వాళ్ల పాత భవంతిలో నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు, 1968లో ఇప్పుడున్న భవనానికి మార్చారు. గంట కొట్టే గడియారం దగ్గర ముందే వెళ్లి కూర్చోండి. శుక్రవారం సెలవు, చౌమహల్లాకు కూడా అంతే.

పురానీ హవేలీలో నిజాం మ్యూజియం చిన్నదే గానీ సరదాగా ఉంటుంది. 2018లో అక్కడి బంగారు టిఫిన్ డబ్బా దొంగలెత్తుకెళ్లారు. దొరికాక పోలీసులు చెప్పిన మాట, వాళ్లలో ఒకడు అందులోనే అన్నం తిన్నాడని.

ఏం తినాలి?

పొద్దున్నే నిహారీ (రాత్రంతా ఉడికించిన మాంసపు పులుసు), చార్ కోనీ నాన్. ఆ నాన్‌కు నాలుగు మూలలుంటాయి, పురానీ హవేలీ దగ్గర భట్టీ నుంచి తీయగానే తినాలి. సాయంత్రం ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. రంజాన్‌లో హలీం, 2010లోనే దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మండీ, అంటే అరబ్బుల మాంసం అన్నం, కావాలంటే బార్కస్. ఆ పేరు బ్యారక్స్ నుంచి వచ్చింది, నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు ఉండే చోటు, పెళ్లిళ్లలో మనమంతా చిందులేసే మర్ఫా డప్పు వాళ్లదే. శాకాహారులు కంగారుపడకండి, గుల్జార్ హౌజ్ వైపు మిఠాయి, చాట్, పూరీ కొట్లున్నాయి.

పాత ఇళ్లు ఎందుకు కూలిపోతున్నాయి? ప్రభుత్వం ఏం చేస్తోంది?

చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంది. చుట్టూ 100 మీటర్లు కొత్త కట్టడం నిషేధం, ఆపై 200 మీటర్లు అనుమతితోనే. అది రాసుకున్న మాట. దేవిడీలకు, అంటే పాత నవాబుల, రాజాల ఇళ్లకు అంత కాపలా లేదు. చార్మినార్ దగ్గరి మాల్వాలా ప్యాలెస్ వారసత్వ జాబితాలో ఉండి కూడా కూల్చివేతకు గురైంది. ఒక దేవిడీకి ఇరవై ముప్పై మంది వారసులు ఉంటారు, బాగు చేయించడానికి ఎవరి దగ్గరా డబ్బులుండవు, అమ్ముకుంటే మాత్రం అందరికీ ఎంతో కొంత వస్తుంది. కోర్టు కేసు తేలేలోపు వానలకు పైకప్పు పడుతుంది, తర్వాత ఒక ఫంక్షన్ హాల్ లేస్తుంది. బయట నుంచి తిట్టడం సులువు, వాళ్ల స్థానంలో ఉంటే నేనేం చేసేవాణ్నో నాకు తెలీదు. డబ్బు, ఓపిక రెండూ ఉంటే ఏమవుతుందో చౌమహల్లా చూడండి, నిజాం కుటుంబపు ఎస్రా యువరాణి పూనికతో బాగుచేయించి 2005లో జనానికి తెరిచారు, 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది.

మెట్రో అడుగుతారు కదా. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు, 2024 మార్చిలో శంకుస్థాపన చేశారు. ఆస్తులు తీసుకుంటున్నారు, కూలగొడుతున్నారు. మాకు మెట్రో కావాలి, ఏళ్లకేళ్లు మా వైపు రాకపోతే కోపం తెచ్చుకున్నది మేమే. ఆ దారిలో ఆషూర్‌ఖానాలు, మసీదులు, గుళ్లు, పాత కట్టడాలు చాలా ఉన్నాయి, వాటిని తప్పించే గీత గీశామంటున్నారు. స్తంభాలు లేచాక చూద్దాం.

ఒక్క రోజులో అయిపోతుందా?

అవదు, అయినా మీకు ఒక్క రోజే ఉంటుందని తెలుసు కాబట్టి చెప్తున్నా. శుక్రవారం వద్దు. కారు వద్దే వద్దు, మదీనా దగ్గర ఆటో దిగి నడవండి. పొద్దున ఆరున్నరకు చార్మినార్ దగ్గర ఉంటే రోడ్డు ఖాళీ, పావురాలు, చాయ్ పొగ, మీరు. లోపలికి ఎక్కడానికి తొమ్మిదిన్నర వరకు ఆగాలి, ఈలోపు నాన్ తిని రండి. తర్వాత మక్కా మసీదు, చౌమహల్లా, లాడ్ బజార్. ఎండ ముదిరాక సాలార్‌జంగ్‌లో పడండి, లోపల చల్లగా ఉంటుంది, పిల్లలు గడియారం దగ్గర కుదురుగా కూర్చుంటారు. సాయంత్రానికి ఓపిక ఉంటే పురానాపూల్. వంతెన మీద కూరగాయల సంత ఉంటుంది, 1578 నాటి వంతెన మీద టమాటాలు బేరమాడి కొనుక్కోవచ్చు. సంచీ మాత్రం మీరే తెచ్చుకోండి.